చిన్న ఊరట, అసలు ఆశ్రయం

మన ఇళ్ళలో ఒక ప్రశ్న అప్పుడప్పుడూ వినిపిస్తూ ఉంటుంది. కొందరు ఎగతాళిగా అడుగుతారు, కొందరు నిజమైన ఆందోళనతో అడుగుతారు. "పెళ్ళయి, పిల్లల తండ్రి అయిన మనిషి చిన్నపిల్లల కార్టూన్లు చూస్తూ కూర్చోవడం ఏమిటి?" పగలంతా దుకాణంలో నిలబడి, అప్పులవాళ్ళకు సమాధానం చెప్పి, రాత్రికి ఇల్లు చేరిన వ్యక్తి వార్తలు పెట్టడు, సినిమా పెట్టడు. పిల్లి ఎలుకను తరిమే బొమ్మల ఆట పెట్టుకుంటాడు. వంటింటి పని ముగించుకున్న ఇల్లాలు, పిల్లలు బడికి వెళ్ళిపోయాక కూడా వాళ్ళ ఛానలే చూస్తూ ఉంటుంది. గల్ఫ్‌లో ఒకే గదిలో మరో ఏడెనిమిది మందితో కలిసి ఉంటున్న కార్మికుడు దుప్పటి కప్పుకుని, చిన్నప్పుడు తాను చూసిన కార్టూనునే ఫోన్‌లో మళ్ళీ చూస్తాడు. ఎందుకని అడిగితే "మనసుకు కాస్త హాయిగా ఉంటుంది" అంటారు. అంతకు మించి చెప్పలేరు. చెప్పడానికి సిగ్గుపడతారు కూడా.

ఈ హాయి తప్పా? ఇది వయసుకు తగని చేష్టా? విశ్వాసి హృదయానికి అల్లాహ్ స్మరణే చాలినప్పుడు, బొమ్మల్లో ఊరట వెతుక్కోవడం ఈమాన్ బలహీనతకు గుర్తా? కాస్త నిదానంగా ఆలోచించవలసిన విషయమిది. తొందరపడి తీర్పు చెబితే ఒక బాధితుణ్ణి గాయపరుస్తాం. తేలిగ్గా కొట్టిపారేస్తే ఒక రోగాన్ని చూసీచూడనట్లు వదిలేస్తాం.

ఇది కొత్త విషయం కాదు

పిల్లల కోసం తయారైనవాటిని పెద్దలు ఇష్టపడటం ఈ తరంతో మొదలవలేదు. 1947 జూలైలో మొదలైన చందమామ పిల్లల పత్రికే. కాని మన తెలుగు ఇళ్ళలో దాన్ని పిల్లలకంటే ముందు పెద్దవాళ్ళే చదివేసేవారన్నది అందరికీ తెలిసిందే. ఉర్దూ చదివిన కుటుంబాల్లో ఢిల్లీ నుంచి వచ్చే 'ఖిలౌనా' పత్రిక ఉండేది. ఎనిమిదేళ్ళ పిల్లల నుంచి ఎనభై ఏళ్ళ పిల్లల వరకూ అందరి కోసమని ఆ పత్రిక తన గురించి తానే చెప్పుకునేది. అది హాస్యంగా చెప్పిన మాటే అయినా అందులో ఒక నిజముంది. మనిషి ఎంత ఎదిగినా అతనిలోని పసితనం పూర్తిగా పోదు.

టీవీ వచ్చాక రూపం మారింది, అంతే. 1940లో మొదలైన 'టామ్ అండ్ జెర్రీ' మొదట సినిమా హాళ్ళ కోసం తీసినది. అంటే దాన్ని తొలిసారి చూసి నవ్వినవారిలో పెద్దలూ ఉన్నారు. మన దేశంలో 1995లో పిల్లల కోసం కార్టూన్ నెట్‌వర్క్ ఛానల్ వచ్చింది. 2005లో జపాన్ కార్టూన్ 'డోరేమాన్' హిందీ మాటలతో మన ఇళ్ళలోకి వచ్చింది. 2008లో హైదరాబాదులోనే తయారైన 'ఛోటా భీమ్' ప్రసారం మొదలైంది. ఆనాడు ఏడెనిమిదేళ్ళ వయసులో వాటి ముందు కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, అద్దెలు కడుతున్నారు. మనసు అలిసినప్పుడు వాళ్ళు ఒకప్పుడు తాము నిశ్చింతగా ఉన్న చోటికే తిరిగి వెళుతున్నారు.

మనసు అక్కడికే ఎందుకు వెళుతుంది?

డోరేమాన్ కథను ఉదాహరణగా తీసుకుందాం. అందులో నోబితా అనే అబ్బాయి పరీక్షల్లో తప్పుతాడు. తోటి పిల్లవాడి చేతిలో దెబ్బలు తింటాడు. ఇంట్లో తల్లి కోప్పడుతుంది. ఏడుస్తూ గదిలోకి వస్తే, అతనికోసమే ఉన్న ఒక నేస్తం అక్కడ ఉంటుంది. ఆ నేస్తం ఇచ్చే వింత వస్తువుతో కాసేపు కష్టం తీరుతుంది. తరచూ నోబితా అత్యాశ వల్ల అది బెడిసికొడుతుంది కూడా. అయినా మరునాడు ఆ నేస్తం వెళ్ళిపోడు. ఓడిపోయిన పిల్లవాడి పక్కన ఒకరున్నారు. ఇదే ఆ కథ సారాంశం.

ఇప్పుడు ముప్పై ఏళ్ళ మనిషి దీన్ని ఎందుకు చూస్తాడో ఆలోచించండి. అతను కూడా ఏదో పరీక్షలో తప్పినవాడే. వ్యాపారంలో కావచ్చు, ఉద్యోగంలో కావచ్చు, సంసారంలో కావచ్చు. ఇంటికి వస్తే పక్కన కూర్చుని "ఏమైంది?" అని అడిగేవాళ్ళు లేరు. పిల్లల కథల్లో ఎవరూ నిజంగా చనిపోరు. చేసిన తప్పు ఇరవై నిమిషాల్లో సర్దుకుంటుంది. అలిగినవాళ్ళు కలిసిపోతారు. ఏం జరగబోతోందో ముందే తెలుసు కాబట్టి గుండె దడ ఉండదు. రేపు ఏమవుతుందో తెలియని మనిషికి, ముగింపు తెలిసిన కథ ఒక ఊరట.

మరో మాట కూడా న్యాయంగా ఒప్పుకోవాలి. అదే గంటలో ఇతర ఛానళ్ళలో ఏముంది? ఒకరి మీద ఒకరు అరుచుకునే చర్చలు, అత్తాకోడళ్ళ కుట్రలతో నిండిన సీరియళ్ళు, కుటుంబంతో కలిసి చూడలేని పాటలు. వాటిని చూస్తున్న పెద్దమనిషిని ఎవరూ ఎగతాళి చేయరు. అవి 'పెద్దవాళ్ళ కార్యక్రమాలు' కదా! ద్వేషాన్ని, అసభ్యతను చూస్తే పెద్దరికం, పిల్లి ఎలుక ఆటను చూస్తే చిన్నతనం అనుకోవడం ఎక్కడి న్యాయం?

ధర్మం మనిషిని ఎండగట్టదు

ధార్మికుడంటే ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉండేవాడని కొందరు భావిస్తారు. దైవప్రవక్త (స) సన్నిధిలో పెరిగిన సమాజం అలా లేదు. హజ్రత్ హన్‌జలా (రజి) ఒకనాడు తాను కపట విశ్వాసినైపోయానేమోనని భయపడుతూ బయలుదేరారు. దారిలో ఎదురైన హజ్రత్ అబూబక్ర్ (రజి)కి తన బాధ చెప్పుకున్నారు. ప్రవక్త (స) దగ్గర ఉన్నంతసేపు స్వర్గనరకాలు కళ్ళముందు ఉన్నట్లే ఉంటుందనీ, ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డల్లో, పనుల్లో పడగానే చాలా విషయాలు మరచిపోతున్నాననీ అన్నారు. తన పరిస్థితీ అంతేనన్నారు హజ్రత్ అబూబక్ర్ (రజి)! ఇద్దరూ ప్రవక్త (స) వద్దకు వెళ్ళి విన్నవించుకున్నారు. తన సన్నిధిలో ఉన్న స్థితిలోనే మీరు ఎల్లప్పుడూ ఉండగలిగితే దైవదూతలు మీ పడకల దగ్గర, మీ దారుల్లో మీతో కరచాలనం చేసేవారని ఆయన సెలవిచ్చారు. ఆ తర్వాత, ఒక ఘడియ అలా ఉంటే మరో ఘడియ ఇలా ఉంటుందన్న భావం గల మాటను మూడుసార్లు పలికారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. సహచరుల్లో అగ్రగణ్యులకే ఈ వెసులుబాటు అవసరమైతే మనమెంత?

హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారు. ఆ బొమ్మల్లో రెక్కలున్న గుర్రం ఒకటి చూసి ప్రవక్త (స), గుర్రానికి రెక్కలేమిటని అడిగారు. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన మనసారా నవ్వారు. పండుగనాడు మస్జిదులో హబషీలు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే, ఆమెకు తృప్తి కలిగేవరకు ప్రవక్త (స) ఆమెకు అడ్డుగా నిలబడి చూడనిచ్చారు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చనిపోయింది. మొత్తం అరేబియాకు మార్గం చూపుతున్న మహనీయులు ఆ పసివాడి దగ్గర ఆగి, అతని పిట్ట గురించి ప్రేమగా పలకరించారు. పిల్లల లోకాన్ని ఆయన తక్కువగా చూడలేదు.

ఇమామ్ గజ్జాలీ (రహ్మ) 'ఇహ్యా'లో ఈ విషయాన్ని వైద్యుడిలా విడమరిచారు. వినోదం అలసిన హృదయానికి మందు వంటిదని అంటూనే, మందును ఎక్కువగా వాడరాదు కదా, దీన్నీ అంతేనని హెచ్చరించారు. మన చర్చ అంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. ప్రాణుల చిత్రాల గురించి, తెర మీది బొమ్మల గురించి, సంగీతం గురించి ఉలమాల మధ్య చర్చలున్నాయి. ఆ ఫిఖ్ సమస్యను ఈ నాలుగు పేజీల్లో తేల్చడం మన ఉద్దేశం కాదు. ఎవరికి వారు తాము విశ్వసించే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. పిల్లల కార్యక్రమం అన్నంత మాత్రాన అన్నీ నిరపాయమైనవి కావు. అల్లాహ్‌కు సాటి కల్పించే కథలు, మంత్రతంత్రాలే రక్షణ అని నేర్పే కథలు, పెద్దలను అవమానించడాన్ని హాస్యంగా చూపే కథలు చాలా ఉన్నాయి. వాటిని పిల్లలకు వద్దన్నప్పుడు పెద్దలకు మాత్రం ఎలా తగుతాయి?

బార్లీ జావ నేర్పే పాఠం

ఈ సమస్యకు కీలకమైన సమాధానం నాకు ఒక హదీసులో కనిపిస్తోంది. తమ బంధువుల్లో ఎవరైనా మరణిస్తే, పరామర్శకు వచ్చిన స్త్రీలంతా వెళ్ళిపోయి ఇంటివాళ్ళు, దగ్గరివాళ్ళు మిగిలాక, హజ్రత్ ఆయిషా (రజి) ఒక కుండలో 'తల్‌బీనా' వండించేవారు. అది బార్లీ పిండితో చేసే తెల్లని జావ. రొట్టె ముక్కలతో చేసిన సరీద్ మీద దాన్ని పోయించి, తినమని చెప్పేవారు. అది రోగి హృదయానికి సేదనిస్తుందనీ, కొంత దుఃఖాన్ని పోగొడుతుందనీ ప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని అనేవారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

ఇందులో ఒక్కో విషయాన్ని గమనించండి. చావు జరిగిన ఇల్లు. ఖుర్ఆన్ తెలిసిన ఇల్లు. ఓర్పు గురించి ప్రపంచానికి నేర్పిన ఇల్లు. అయినా ఆ ఇంట్లో "దుఆ చేసుకోండి, చాలు" అని ఊరుకోలేదు. వేడి జావ కూడా పెట్టారు. ఎందుకంటే మనిషి ఒట్టి ఆత్మ కాదు. అతనికి కడుపుంది, నరాలున్నాయి, అలసట ఉంది. ప్రసవ వేదనలో, ఒంటరితనంలో ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని హజ్రత్ మర్యమ్ (అలై) విలపించినప్పుడు అల్లాహ్ ఆమెకు ఇచ్చిన ఊరట ఏమిటి? దుఃఖించవద్దన్న పిలుపుతో పాటు కాళ్ళ కింద ఒక సెలయేరు, చెట్టు కదిపితే రాలే పండిన ఖర్జూరాలు. సూరె మర్యమ్ చదివేవారికి ఇది తెలుసు. అల్లాహ్ తన దాసులను చిన్న చిన్న వస్తువులతో కూడా ఓదారుస్తాడు. కనుక అలసిన మనిషి ఒక అమాయకమైన బొమ్మల కథ చూసి కాసేపు నవ్వుకుంటే, అది ఈమాన్ లేకపోవడమని తీర్పు చెప్పే హక్కు మనకు లేదు.

అయితే ఆ హదీసులోని మరో మాటను కూడా వదలకూడదు. జావ 'కొంత' దుఃఖాన్ని పోగొడుతుందన్నారు. మొత్తం దుఃఖాన్ని అనలేదు. మిగిలిన దుఃఖం ఎక్కడికి వెళ్ళాలి? అది అల్లాహ్ వద్దకు వెళ్ళాలి. హజ్రత్ యాఖూబ్ (అలై) కన్నకొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడిన స్థితిలో కూడా, తన వేదనను, దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని అన్నారు. హృదయాలు నెమ్మదించేది అల్లాహ్ స్మరణతోనే అని సూరె రఅద్ 28వ ఆయతు మనకు బోధిస్తోంది. దైవప్రవక్త (స) బిలాల్ (రజి)ని పిలిచి, నమాజు ద్వారా తమకు విశ్రాంతి కలిగించమని కోరేవారు. మనకు నమాజు ముగించుకుని విశ్రాంతికి వెళ్ళడం తెలుసు. ఆయనకు నమాజే విశ్రాంతి.

కాబట్టి తేడా ఇక్కడ ఉంది. జావ తాగి లేచి నిలబడినవాడు బాగుపడతాడు. జావ తాగుతూనే కూర్చున్నవాడు బాగుపడడు.

మందు వ్యసనమైనప్పుడు

బొమ్మల తెరలో ఒక సౌలభ్యం ఉంది, అదే దాని ప్రమాదం కూడా. అది మనల్ని ఏమీ అడగదు. "నీకేమైంది?" అనదు. "ఆ అప్పు సంగతి ఏం చేశావు?" అనదు. "అమ్మతో మాట్లాడి ఎన్నాళ్ళయింది?" అనదు. మనకోసం అది దుఆ చేయదు. మనం చనిపోతే మన జనాజాకు రాదు. ఏమీ అడగనిచోట కాసేపు కూర్చోవడం విశ్రాంతి. ఎప్పటికీ అక్కడే ఉండిపోవాలనుకోవడం పారిపోవడం.

తన స్థితి ఏమిటో ఎవరికి వారే తెలుసుకోవచ్చు. అది చూసి లేచాక మనసు తేలికపడి ఇంట్లోవాళ్ళతో మెత్తగా మాట్లాడుతున్నారా, లేక ఎవరైనా పలకరిస్తే విసుక్కుంటున్నారా? ఒకటి అయ్యాక మరొకటి, మరొకటి అని అర్ధరాత్రి దాటి, ఫజ్ర్ నమాజు పోతోందా? అల్లాహ్ ముందు చెప్పుకోవలసిన బాధ ఏదైనా ఉండి, దాన్ని చెప్పుకోవడానికి భయపడి తెర వెనక్కి దాక్కుంటున్నారా? ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని ప్రవక్త (స) హెచ్చరించారు. నష్టపోయేది ఒక్కరోజులో కాదు, రోజుకు కాస్త కాస్తగా.

తండ్రి ఒక గదిలో కార్టూన్ చూస్తూ తన బాల్యాన్ని వెతుక్కుంటున్నాడు. పక్క గదిలో అతని సొంత బిడ్డ బాల్యం గడిచిపోతోంది. ఇంతకంటే విచారకరమైన విషయం ఏముంటుంది? పసితనంలోని హాయి కావాలంటే అది తెర మీదే లేదు, ఇంట్లోనే ఉంది. హజ్రత్ హసన్, హుసైన్ (రజి)లను ప్రవక్త (స) తమ మీద ఎక్కించుకునేవారు. తనకు పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదని అఖ్రా బిన్ హాబిస్ చెప్పినప్పుడు, దయ చూపనివానికి దయ లభించదని హెచ్చరించారు. కార్టూన్ చూడాలనిపిస్తే మంచిది ఎంచుకుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అడగండి. ఒంటరి ఊరట కుటుంబ ఆనందంగా మారుతుంది. తెర ఆపేశాక కూడా ఆ ఆనందం మిగిలి ఉంటుంది.

ఇంటివారి బాధ్యత

ఇక ఎగతాళి చేసేవారికి ఒక మాట. ఒకరినొకరు అపహసించుకోవద్దని సూరె హుజురాత్ మనల్ని ఆదేశించింది. ఎవరి గుండెలో ఏముందో మనకు తెలియదు. నలభై ఏళ్ళ మనిషి అకస్మాత్తుగా పిల్లల కార్యక్రమాలకు అతుక్కుపోతే, "సిగ్గులేదా?" అని అడిగేముందు "ఏమైంది?" అని అడగాలి. కొడుకులు దుబాయిలోనో సౌదీలోనో ఉండి, మనవలు వీడియో కాల్‌లో తప్ప కనిపించని దాదీ మధ్యాహ్నమంతా పిల్లల ఛానల్ పెట్టుకుని కూర్చుందంటే, ఆమె చూస్తున్నది కార్టూన్ కాదు. ఆ గదిలో పిల్లల సవ్వడి ఉండాలని ఆమె కోరుకుంటోంది. ఆమెకు కావలసింది ఫత్వా కాదు, పక్కన కూర్చునే మనిషి.

హజ్రత్ సల్మాన్ (రజి) తన ధర్మసోదరుడైన హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన భార్య మాసిన బట్టల్లో ఉండటం చూసి ఊరుకోలేదు. ఏమైందని అడిగారు. పగలు ఉపవాసం, రాత్రి ఆరాధన అంటూ అబూ దర్దా (రజి) ఇంటినీ శరీరాన్నీ మరచిపోయారని తెలుసుకుని, ఆయనతో కలిసి భోంచేసి, రాత్రి మొదటి భాగంలో నిద్రపుచ్చి, చివరి భాగంలో లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు, శరీరానికి, ఇంటివారికి దేని హక్కు దానికి ఇవ్వాలని నచ్చజెప్పారు. సల్మాన్ చెప్పింది నిజమేనని ప్రవక్త (స) ధ్రువీకరించారు. ఒక మనిషిని సరిదిద్దే పద్ధతి ఇదే. పక్కన కూర్చోవాలి, కలిసి తినాలి, విశ్రాంతి తీసుకోనివ్వాలి, తర్వాత నమాజుకు లేపాలి. మనం మొదటి మూడూ వదిలేసి, నాలుగోది మాత్రం గుమ్మంలో నిలబడి అరచి చెబుతాం.

ఒక మనిషి మాటిమాటికీ ఏడుస్తూ, తిండి, నిద్ర, పని అన్నీ వదిలేసి తెర ముందే ఉండిపోతే, అది వినోదం కాదు, జబ్బు కావచ్చు. అప్పుడు వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళడం కూడా మన ధర్మంలో భాగమే. చికిత్స చేయించుకోమని ప్రవక్త (స) బోధించారు. మనసు జబ్బు దీనికి మినహాయింపు కాదు.

ఆ కోరిక దేనికోసం?

చివరిగా ఒక్క విషయం. ఎవరూ చావని, ఎవరూ ఎవరినీ అవమానించని, తప్పులన్నీ సర్దుకుని అలిగినవాళ్ళంతా కలిసిపోయే లోకం కోసం మనిషి మనసు ఎందుకు ఇంతగా తపిస్తుంది? వ్యాపారం చేసి, మోసాలు చూసి, చావులు చూసి గట్టిపడ్డ మనిషి కూడా అలాంటి కథ కనిపిస్తే ఎందుకు మెత్తబడతాడు? ఆ తపన అబద్ధం కాదు. అల్లాహ్ మన ప్రకృతిలోనే దాన్ని పెట్టాడు. స్వర్గవాసుల హృదయాల్లోంచి పరస్పర ద్వేషాన్ని తొలగిస్తానని, అక్కడ వారికి అలసట ఉండదని సూరె హిజ్ర్‌లో ఆయన వాగ్దానం చేశాడు. అక్కడ వ్యర్థమైన మాట, పాపపు మాట వినిపించదనీ, వినిపించేది సలామ్ మాత్రమేననీ సూరె వాఖిఆ చెబుతోంది. దాని పేరే దారుస్సలామ్, అంటే శాంతి గృహం. తెర మీది బొమ్మల లోకంలో మనం వెతుక్కుంటున్నది ఆ ఇంటి ఛాయనే. ఛాయలో కాసేపు ఆగవచ్చు. కాని ఛాయే ఇల్లు కాదు. ఈ లోకంలో తన స్థితి చెట్టునీడలో కాసేపు ఆగి, దాన్ని వదిలి ముందుకు సాగిపోయే బాటసారి వంటిదని ప్రవక్త (స) తెలిపారు.

కనుక ఈ రాత్రి మనసు బరువెక్కి ఏదైనా చూసి కాసేపు నవ్వుకోవాలనిపిస్తే, హద్దుల్లో ఉన్నదాన్ని చూసి నవ్వుకోండి. తర్వాత ఆపేయండి. వుజూ చేసుకోండి. ప్రవక్త (స) తరచూ చేసే దుఆలో చింత నుంచి, దుఃఖం నుంచి, అశక్తత నుంచి, సోమరితనం నుంచి అల్లాహ్ శరణు కోరేవారు. ఆ దుఆను మీ మాటల్లోనైనా చేసుకోండి. ఎవరికీ చెప్పలేని ఆ మిగిలిన దుఃఖాన్ని సజ్దాలో ఆయనకు చెప్పుకోండి. ఆయన ఎగతాళి చేయడు, విసుక్కోడు, విని మరచిపోడు.

అల్లాహ్ మన అలసిన హృదయాలకు ధర్మసమ్మతమైన ఊరటను, మన ఇళ్ళకు ఒకరి బాధ ఒకరు అడిగి తెలుసుకునే ప్రేమను, చివరికి మనందరికీ శాంతి గృహంలో స్థానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.